ఒడియా జవాబు, తెలుగు అక్షరాలు

చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టినవాళ్లు ఇటలీవాళ్లు. నిజానికి వాళ్లు నాకేమీ అపకారం చేయలేదు. పాత పుస్తకాలు బయటికి తీసి చదువుకున్నారు, బొమ్మలు గీశారు, చలువరాతిలో మనుషుల కండలు చెక్కారు. దానినే పునరుజ్జీవనం అన్నారు. తరువాత జర్మనీలో ఒక సన్యాసికి చర్చి మీద కోపం వచ్చింది. అది మత సంస్కరణ. ఈ రెండూ కలిపి మాకు ఒక పేపరు పెట్టారు. ఆ పేపరులో నేను అప్పటికే ఒకసారి తప్పాను.

మాది ఒడిశాలో దిగపహండి దగ్గర పల్లె, చదువు బరంపురంలో. మొదటిసారి తప్పినప్పుడు జ్వరం వల్ల అని ఇంట్లో చెప్పాను. జ్వరం నిజమే, కాకపోతే పరీక్ష అయ్యాక వచ్చింది. రెండోసారి ఆ వీలు లేదు. కాలేజీలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష పాసైతేనే సెమిస్టర్ పరీక్షకు కూర్చోనిస్తారు. లేకపోతే ఇంకో ఏడాది. ఇంకో ఏడాదికి నాన్న ఒప్పుకోలేదు. దిగపహండి బజారులో మా పెదనాన్న ఎరువుల దుకాణంలో నాకోసం ఒక స్టూలు ఖాళీగా ఉంచారు. ఒకసారి తీసుకెళ్లి చూపించారు కూడా. స్టూలు మంచిదే.

"ఆ దేశపోళ్లు ఆల గుడికాడ ఆలు కొట్టుకుంటే, పరీచ్చ నీకేటికిరా?" అని అడిగింది అమ్మ.

దీనికి జవాబు మా సిలబస్‌లో లేదు.

పాఠం చెప్పే సారుది పొలసర. శనివారం ఊరికి పోయి సోమవారం వచ్చేవారు. పాఠం ఒడియాలో, పేర్లు మాత్రం ఇంగ్లీషులో. బోర్డు మీద ఇటలీని బూటులా గీస్తూ, ఆ బూటు పూర్తయ్యేలోపే మూడు నగరాలు, రెండు రాజవంశాలు దాటించేసేవారు. రాత్రి ఖాళీ రోడ్డు దొరికిన బస్సు కూడా ఆయనంత వేగంగా పోదు. ఆ వేగాన్ని అందుకోవడానికి నాకున్న ఉపాయం ఒక్కటే, చెవికి వినిపించిన ఒడియాను తెలుగు అక్షరాల్లో రాసుకోవడం.

మా వైపు ఇది వింత కాదు. ఐదో తరగతి దాకా మా పల్లె బడిలో తెలుగు, ఆ తరువాత ఒడియా. ఒడియాలో చదవగలం, రాయగలం, పోట్లాడగలం. కానీ చెయ్యి తొందరపడితే తెలుగులోకి పోతుంది. బ్లాక్ ఆఫీసు మనిషి ఒడియాలో చెప్పిన మందుల మోతాదు నాన్న యూరియా బస్తా మీద తెలుగులో రాసుకుంటాడు. అమ్మ వాళ్ల మహిళా సంఘంలో తీర్మానాలన్నీ ఒడియాలోనే జరుగుతాయి, పుస్తకంలో మాత్రం తెలుగు అక్షరాల్లో ఉంటాయి. ఎవరూ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

దీనితో ఒక సౌకర్యం కూడా ఉండేది. పరీక్షల ముందు అందరి నోట్సులూ మాయమయ్యేవి, నాది తప్ప. తెలుగు రానివాడు తెరిస్తే అర్థం కాదు, ఒడియా రానివాడు చదివితే అర్థం కాదు. రెండూ వచ్చినవాణ్ణి మా తరగతిలో నేనొక్కడినే. దొంగల భయం లేని ఆస్తి.

ఒక లోపం కూడా ఉండేది. ఆలోచించే తీరిక లేక సారు నోటినుంచి ఏది వస్తే అది రాసేసేవాణ్ణి.

పరీక్ష రోజు పునరుజ్జీవనం ప్రశ్న బాగానే రాశాను. ఇటలీలోనే ఎందుకు మొదలైందో ఐదు కారణాలు, ఒడియాలో, గుండ్రంగా. మత సంస్కరణ ప్రశ్నకు వచ్చేసరికి పావుగంటే మిగిలింది. అది ఎక్కువ మార్కుల ప్రశ్న. కంఠస్థం చేసిందంతా వేళ్ల చివరికి వచ్చేసింది. గంట కొట్టేదాకా తల ఎత్తలేదు. అంత బాగా నేనెప్పుడూ రాయలేదు.

ఇన్విజిలేటర్ కాగితాలు లాక్కుంటుంటే చివరి పేజీ నా కంటబడింది. ఒడియా అక్షరాలకు నెత్తిన గొడుగులుంటాయి. నా అక్షరాలకు తలకట్లున్నాయి. పేజీ నిండా, ఒక్క గొడుగు లేకుండా.

ఇన్విజిలేటర్ వెళ్లిపోయారు. నేను కాసేపు కూర్చున్నాను. కూర్చోవడం ఇంకా బెంచీ మీదే కదా, స్టూలు మీద కాదు అనుకున్నాను.

తరువాతి వారం రోజులు ఇంటికి పోలేదు. అమ్మ ఫోన్ చేసి "ఎలగ రాసినావు?" అంటే "చాలా రాశానమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

ఎనిమిదో రోజు సారు స్టాఫ్‌రూమ్‌కి రమ్మన్నారు. బల్ల మీద నా పేపరు చివరి ప్రశ్న దగ్గర తెరిచి ఉంది. ఎర్ర పెన్ను మూత తీసి ఉంది.

"ఇదేమిటి?" అన్నారు ఒడియాలో.

"ఒడియా సార్."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. పేజీ మారలేదు.

"తెలుగు లిపిలో ఒడియా రాశాను సార్. పొరపాటున. చదివి వినిపించమంటారా?"

"నువ్వు చదివితే, రాసింది చదువుతున్నావో ఇప్పుడు కల్పిస్తున్నావో నాకెలా తెలుస్తుంది?"

ఇది న్యాయమైన ప్రశ్న. నా చరిత్ర తెలిసినవారు ఎవరైనా అడిగేదే. ఆయన ఒక నిమిషం ఆలోచించి, గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న అటెండరు పిన్నిని పిలిచారు. నేను కాక కాలేజీలో ఇంకో తెలుగు మనిషి ఆవిడే. మంచినీళ్లూ రిజిస్టర్లూ తరగతులకు తిప్పుతూ పదేళ్లుగా అక్కడే ఉంది. ఎనిమిదో తరగతి చదివింది.

"ఇది చదవగలవా?" అన్నారు సారు.

ఆవిడ పేపరు అందుకుని నావైపు చూసింది. "ఏటి బాబూ, ఏటి సేసినావు?"

"చదువు పిన్నీ. ఉన్నది ఉన్నట్టు చదువు. నా ఏడాది నీ చేతిలో ఉంది."

"నా సేతిలో మంచినీల బిందే నిలబడదు," అంటూ వేలు పెట్టి మొదలుపెట్టింది.

మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. ఆవిడ నోట తెలుగు అక్షరాలు ఒడియా మాటలై పడుతుంటే సారు తల కొద్దిగా పక్కకు వాలింది. పాపాలకు క్షమాపణ పత్రాలు అమ్మేవారని, పత్రం కొన్నవాడికి స్వర్గానికి దారి తేలికవుతుందనేవారని, ఆ సన్యాసి దానిమీద ఎదురుతిరిగాడని చదివింది. అక్కడ ఆగిపోయింది.

"ఇదేటి, సొర్గానికి టికెట్లమ్మీసినారా?"

"అవును పిన్నీ. ముందు చదువు."

"అమ్మినోడు ఎల్లి సూసొచ్చినాడా, సొర్గం ఉందో లేదో?"

సారుకు ఆ మాత్రం తెలుగు వస్తుంది. "ఆ సన్యాసి కూడా దాదాపు ఇదే అడిగాడు," అన్నారు ఒడియాలో. ఎర్ర పెన్ను కింద పెట్టారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను.

ఎందుకంటే పిన్ని పేజీ తిప్పి, అదే గొంతుతో, అదే నమ్మకంతో చదువుకుంటూ పోయింది. అచ్చు యంత్రాలు వచ్చాయి. గ్రంథం జనం భాషలోకి వచ్చింది. చదువు వచ్చిన ప్రతివాడూ తనంతట తాను చదువుకున్నాడు. ఆ వెనక బెంచీ, ఫ్యాను వెయ్యి. చర్చి అధికారం సడలింది. పోయిన ఆదివారం మా వంకాయ తోటలో కోతులు పడ్డాయి, ఒక్క కాయ మిగల్చలేదు. దీని ఫలితంగా యూరప్ రెండుగా చీలిపోయింది.

పిన్ని పేజీ మీంచి తల ఎత్తింది.

"కోతుల వల్లేటి?" అంది పిన్ని.

నేను నేలవైపు చూశాను. స్టాఫ్‌రూమ్ నేల బాగా తుడిచి ఉంది. సారు చెయ్యి చాచి పేపరు తీసుకుని, తనకు రాని ఆ అక్షరాలను చాలాసేపు చూశారు. పెదవి చివర ఏదో కదిలింది.

"ఇది నా పాఠమే," అన్నారు. "మొత్తం నా పాఠమే."

"అవును సార్."

"కోతుల సంగతి ఎప్పుడు చెప్పాను?"

"ఆషాఢంలో సార్. ఆ రోజు మీరు కొంచెం బాధలో ఉన్నారు."

సారు ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి నిబంధనలు చదివారు. జవాబులు ఇంగ్లీషులో గానీ ఒడియా భాషలో గానీ రాయాలి అని ఉంది. లిపి గురించి ఏమీ లేదు. అలాంటి అవసరం వస్తుందని రాసినవాళ్లు అనుకుని ఉండరు.

"భాష ఒడియానే," అన్నారు తనలో తాను. ఎర్ర పెన్ను తీసి మార్కులు వేశారు. ఫ్యానుకు ఒకటి, కోతులకు ఒకటి తీసేశారు. "సెమిస్టర్ పేపరు నేను దిద్దను. అక్కడ ఈ పిన్ని ఉండదు. ఈ నెలంతా రోజుకో పేజీ ఒడియా లిపిలో రాసి తెచ్చి చూపించు."

పాసయ్యాను. గట్టిగా కాదు, అయినా పాసే. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాను. నుదురు ముట్టుకుని చూసుకున్నాను. రావలసిన జ్వరం ఈసారి కూడా పరీక్ష అయ్యాకే వచ్చింది. నాన్నకు ఫోన్ చేసి "పాసైపోయాను నాన్నా" అన్నాను. "అయితే ఆ స్టూలు మీద యూరియా బస్తా పెట్టీమని అన్నయ్యకి సెప్తాను," అన్నాడు. మా ఇంట్లో దానిని అభినందన అంటారు.

పిన్ని నీళ్లబిందె సర్దుకుంటూ నా వెనకే వచ్చింది.

"బాబూ, ఆ టికెట్లు కొన్నోలు ఏటయ్యారో అందులో లేదు. నీ నోట్సులో ఉంటాదా?"

"ఉంటుంది పిన్నీ."

"అయితే ఓ పాలి ఇయ్యి. మద్దేనం కాలీయే కదా."

నా నోట్సు ఒకరు అడగడం అదే మొదటిసారి. వెంటనే ఇచ్చేశాను. నాలుగు రోజుల తరువాత తిరిగి ఇచ్చింది, ఒక పేజీ మీద చిన్న పసుపు మరకతో. టికెట్లు కొన్నవాళ్ల మీద జాలి లేదంది. ఆ సన్యాసి మాత్రం గట్టి మనిషి అంది.

సోమవారం సారు ఎప్పటిలాగే వచ్చి బూటు గీశారు. ఉక్కపోస్తోంది. పాఠం మధ్యలో ఆగి, వెనక బెంచీ వైపు తిరిగి, ఫ్యాను వెయ్యమన్నారు. తరువాత నావైపు చూశారు.

"ఇది రాసుకోకు," అన్నారు.

అప్పటికే రాసేశాను. కాకపోతే ఈసారి ఒడియా లిపిలో, గొడుగులతో సహా.