ఆరు ట్రక్కులకు కంప్రెసర్

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, సెప్టెంబరులో లేబర్ డే సెలవు మరునాడు, కెనడాలో సార్నియా అనే ఊళ్లోని మా కంపెనీ నన్ను రసాయనాల ప్లాంటు నుంచి వాహనాల విభాగానికి ఆరు నెలల పాటు పంపింది. హోదా మారలేదు. సీనియర్ రిలయబిలిటీ ఇంజినీరునే. అంటే యంత్రం పాడయ్యాక బాగుచేసేవాడు కాదు, పాడు కాకుండా ముందే చూసుకోవలసినవాడు. జరిగింది చెప్పబోతూ ఈ అర్థం వివరించడం నాకు కొంచెం ఇబ్బందే అయినా చెప్పక తప్పదు.

అప్పగించిన పని ఒక్క వాక్యంలో ఉంది. ఒంటారియో ఉత్తరాన అడవుల్లో పైపులైను వెంట గస్తీ తిరిగే ఆరు ఆఫ్‌రోడ్ ట్రక్కులకు, బండిలోనే బిగించి ఉండే ఎయిర్ కంప్రెసర్ ఎంపిక చేయాలి. మెత్తటి మంచు మీద, బురద మీద వెళ్లేటప్పుడు టైర్లలో గాలి తగ్గిస్తారు. నలభై పౌండ్ల ఒత్తిడి ఉన్న టైరును పదిహేనుకు దించితే అది అరికాలు పరిచినట్టు వెడల్పవుతుంది, కూరుకుపోదు. తిరిగి హైవే ఎక్కే ముందు మళ్లీ నలభైకి నింపాలి. నింపకుండా వేగంగా నడిపితే టైరు వేడెక్కి చీలిపోతుంది. అడవిలో పెట్రోలు బంకులుండవు కాబట్టి గాలి కొట్టే సాధనం మన వెంటే ఉండాలి.

ఇరవై ఏడేళ్లు ప్లాంటులో నేను చూసుకున్న కంప్రెసర్లు ఒక్కొక్కటీ మా ఇంటి గరాజ్ అంత ఉంటాయి. ఇదేమో రెండు చేతుల్లో పట్టే వస్తువు. ‘ఏనుగులు మేపినవాడికి మేకపిల్లను అప్పగించారు’ అని ఇంట్లో అంటే, ‘తోటలు మేసేవి మేకపిల్లలే’ అంది మా ఆవిడ. ఆమె మాట వినిపించుకోకపోవడం కూడా నాకు ఇరవై ఏడేళ్ల అలవాటే.

వాహనాల విభాగంలో హెడ్ మెకానిక్ యాదగిరి. కరీంనగర్ మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. దుబాయిలో పదిహేనేళ్లు ఎడారి బండ్లు బాగుచేసి, అక్కణ్ణుంచి కెనడా వచ్చాడు. ఇంజను మీద చెయ్యి వేసి జ్వరం చెప్పగలడు. నన్ను తొలిరోజే నిలువునా ఒకసారి చూసి, ‘ప్లాంటు సార్ వచ్చిండు, ఇగ మన బండ్లకు సుత పొగగొట్టాలు వెడ్తడు’ అని పక్కవాడితో అన్నాడు. ఆ పక్కవాడు ఫిలిప్పీన్స్ మనిషి, తెలుగు ముక్క రాదు. అంటే ఆ మాట నాకు వినిపించాలనే అన్నాడన్నమాట. ఆ నిమిషం నుంచే అతనంటే నాకిష్టం.

ఎంపిక ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. కేటలాగుల్లో పెద్ద అక్షరాలతో రాసేది గరిష్ఠ పీడనం. అది చూసి కొనడమంటే నిగనిగలాడుతోంది కదా అని వంకాయ కొనడమే, లోపల పుచ్చుందో లేదో తెలియదు. అడగవలసింది వేరు. టైరులో ముప్పై, నలభై పౌండ్ల ఒత్తిడి ఎదురు తోస్తున్నప్పుడు నిమిషానికి ఎంత గాలి ఇస్తుంది? ఊరికే బయటికి వదిలినప్పటి లెక్క పనికిరాదు. ఆగకుండా ఎంతసేపు నడుస్తుంది? కొన్ని పావుగంట నడిచి అరగంట విశ్రాంతి అడుగుతాయి. ఎంత కరెంటు లాగుతుంది, బ్యాటరీ తట్టుకుంటుందా? ఎక్కడ బిగిస్తే వేడీ బురదా తగలవు? నెలన్నర పాటు నేనూ యాదగిరీ పదకొండు రకాలు బల్ల మీద పెట్టి, ఒక్కొక్కదాన్నీ నిజం టైరుకు తగిలించి, గడియారం పట్టుకుని చూశాం. చివరికి రెండు సిలిండర్ల ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఒకటి నెగ్గింది. దాన్ని బానెట్ కింద, ఇంజనుకు దూరంగా ఉండే మూలలో బిగించాలన్నాడు యాదగిరి. ఒప్పుకున్నాను. అంతవరకూ మా మధ్య ఒక్క పొరపొచ్చం లేదు.

తగాదా ట్యాంకు దగ్గర వచ్చింది. ప్లాంటులో ప్రతి కంప్రెసర్ వెనకా గాలి నిలవచేసే ట్యాంకు ఉంటుంది. దాన్ని రిసీవర్ అంటాం. నేను డ్రాయింగులో ట్రక్కుకు కూడా చట్రం కింద పది లీటర్ల రిసీవర్ గీశాను.

“గా డబ్బ ఎందుకు సార్?” అన్నాడు యాదగిరి. “అండ్ల వట్టే గాలి ఒక్క టైరుకు సుత సరిపోదు. దుబాయ్ల పదిహేనేండ్లు జేసిన, ఒక్క బండికి డబ్బ వెట్టలె. పైపు సీదా టైరుకు వెట్టుడే.”

రిసీవర్ లేకుండా కంప్రెసర్ పెట్టడం ఇంజినీరింగ్ కాదోయ్ అన్నాను. పీడనం నిలకడగా ఉంటుందనీ, చక్రాల నట్లు విప్పే గాలి రెంచికి పనికొస్తుందనీ పాఠం చెప్పాను. అతను ఓపికగా విని, “మీ ఇష్టం సార్. పెద్ద సదువు సదివినోళ్లు” అన్నాడు. మొహంలో ఎక్కడా నవ్వు లేదు. నాకు మాత్రం చురుక్కుమంది, అయినా డ్రాయింగు మార్చలేదు. నవంబరులో మొదటి ట్రక్కుకు ట్యాంకుతో సహా బిగించి గస్తీకి పంపాం. మిగిలిన అయిదింటికి ఆర్డరు పెట్టే ముందు చలికాలంలో ఒక పరీక్ష జరగాలని నియమం.

పరీక్ష జనవరిలో, బుధ గురువారాలు. చిక్కేమిటంటే, ఆ శుక్రవారం ఉదయం పదింటికి యాదగిరికి లండన్‌లో కెనడా పౌరసత్వ ప్రమాణం ఉంది. ఇంగ్లండు లండన్ కాదు, మా సార్నియా నుంచి గంట దూరంలో ఉన్నది. అంతకు ముందోసారి పిలిచినప్పుడు కిడ్నీలో రాయితో ఆస్పత్రిలో ఉన్నాడు. ఈసారీ రాకపోతే దరఖాస్తు వదులుకున్నట్టు భావించవచ్చని లేఖలో రాశారు. ఆ లేఖ అతని టూల్‌బాక్సు మూత లోపల అంటించి ఉండేది. గల్ఫులో పదిహేనేళ్లు వేరేవాళ్ల దయ మీద వీసా పొడిగించుకున్న మనిషికి అది వట్టి కాగితం కాదు. వేరే మెకానిక్కును తీసుకుపొమ్మన్నాడు. నేనే పట్టుబట్టాను, ఈ కంప్రెసర్ గుట్టు తెలిసినవాడు నువ్వొక్కడివే, గురువారం రాత్రికి నిన్ను మీ ఇంటి గుమ్మంలో దించుతాను, నాదీ పూచీ అన్నాను. “మీరంటే సరే సార్” అన్నాడు.

సడ్బరీ దాటి, హైవే వదిలి, ఎనభై కిలోమీటర్లు లోపలికి వెళ్లాం. టైర్లు పదిహేనుకు దించి, పైపులైను వెంట మంచులో బండి ఎక్కడా ఆగకుండా తిరిగింది. గురువారం పదకొండింటికి పని పూర్తయింది. చలి మైనస్ ఇరవై ఆరు. గాలి నింపుకుని బయలుదేరడమే తరువాయి. స్విచ్ వేశాను. కంప్రెసర్ పలికింది. మీటరు ముల్లు నూట నలభైకి ఎక్కి, నిండినట్టు దానంతటదే ఆగింది. యాదగిరి గొట్టం టైరుకు తగిలించాడు. గొట్టంలో ఊపిరి లేదు.

కప్లింగు మార్చాం. గొట్టం మార్చాం. ట్యాంకు నిండా గాలి ఉంది, చుక్క గాలి బయటికి రాదు. యాదగిరి మంచులో వెల్లకిలా పడుకుని ట్యాంకు కిందికి దూరాడు. అడుగున గాలి బయటికొచ్చే చోట, ఇత్తడి మూతి మీద స్పానరుతో తట్టాడు. రాయి మీద తట్టిన చప్పుడు వచ్చింది.

“మంచుగడ్డ సార్. లోపట నీళ్లున్నయ్.”

గాలిని నొక్కితే అందులోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. కంప్రెసర్ల దగ్గర తల నెరిసిన నాకు ఇది ఒకరు చెప్పాలా? అందుకే అడుగున చిన్న డ్రెయిన్ వాల్వు పెట్టించాను. ప్రతి షిఫ్టు మొదట్లో దాన్ని తెరవాలని, నేను రాసిన మాన్యువల్‌లో నాలుగో పేజీలోనే ఉంది. ఆ మాటే అన్నాను, కొంచెం కోపంగానే.

యాదగిరి బండి కింద నుంచే అడిగాడు. “షిఫ్టంటే ఎవరి షిఫ్టు సార్? ఎవరు తియ్యాలె?”

“ఆపరేటరు” అన్నాను.

“ఈడ ఆపరేటర్ ఎవడు?”

ప్లాంటులో షిఫ్టు మారగానే ఆపరేటరు ఒక రౌండు తిరుగుతాడు. ప్రతి రిసీవరు అడుగునా వాల్వు తిప్పి, నీళ్లు వదిలి, పుస్తకంలో సంతకం పెడతాడు. ఇరవై ఏడేళ్లలో ఒక్కరోజు కూడా ఆ నీళ్లు ఎవరు తీస్తున్నారని నేను అడగలేదు, అడగవలసిన అవసరం రాలేదు. గస్తీ ట్రక్కుకు ఆపరేటరు లేడు. ఇవాళ ఒకరు నడుపుతారు, రేపు ఇంకొకరు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాడు లేడు. నా మాన్యువల్ డాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా, పెళ్లికూతురులా ఉంది.

నాకు భయమేసింది. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు భయమే. ఆ టైర్లతో గంటకు ఇరవై కిలోమీటర్లకు మించి పోకూడదు, అలా పాకినా గడ్డకట్టిన గాడుల్లో టైరు రిమ్ము నుంచి ఊడిపోతే అంతే సంగతులు. శాటిలైట్ పరికరంతో మెసేజ్ పెడితే సాయం మర్నాడు ఉదయానికి వస్తుందని జవాబు. మర్నాడు ఉదయం ఇతను లండన్‌లో చెయ్యి ఎత్తి నిలబడాలి. నా పూచీ మీద వచ్చిన మనిషి. అతను నన్ను తిట్టినా బాగుండేది.

ముందు ఫ్లాస్కులో ఉన్న అల్లం చాయ్ మొత్తం ఆ ఇత్తడి మూతి మీద పోశాం. అది కరగలేదు, చాయే గడ్డకట్టింది. “మా ఇంటామె జూస్తే నన్ను ఇంట్లకు రానియ్యది” అన్నాడు యాదగిరి. అంత చలిలోనూ ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆ నవ్వులోనే అతను లేచి, “సార్, డబ్బ తీసేద్దాం” అన్నాడు.

పద్ధతి ఇది. ట్యాంకు పైన ఉన్న సేఫ్టీ వాల్వు రింగు లాగి లోపలి గాలంతా వదిలేశాను. నిండుగా ఉన్న ట్యాంకు మీద స్పానరు వేయకూడదు. కంప్రెసర్ నుంచి ట్యాంకుకు పోయే గొట్టం అతను విప్పి, టైరు గొట్టపు కప్లింగు దానికే బిగించాడు. మరలు ఒకటే కొలత కావడం మా అదృష్టం. చేతి తొడుగులతో మరలకు పట్టు చిక్కదు. తొడుగులు తీసి పది సెకన్లు తిప్పడం, చంకల్లో చేతులు పెట్టుకోవడం, మళ్లీ తిప్పడం. వేళ్ల చర్మం లోహానికి అతుక్కుని లేచింది.

ఒక ప్రమాదం మిగిలింది. నిండగానే కంప్రెసర్‌ను ఆపే ప్రెజర్ స్విచ్ ట్యాంకు మీద ఉంటుంది. ఇప్పుడు ట్యాంకు ఖాళీ కనక, అది ఎన్నటికీ ఆపదు. టైరు నుంచి గొట్టం తీసిన క్షణమే కంప్రెసర్ ఆగకపోతే గొట్టం పేలుతుంది. కాబట్టి ఒకరు టైరు దగ్గర, ఒకరు డాష్‌బోర్డు స్విచ్ దగ్గర. యాదగిరి “చాలూ!” అంటే వేస్తాను, “బంద్!” అంటే ఆపుతాను. ఇక్కడి చాలూ హిందీది, మొదలుపెట్టమని. మొదటిసారి నేను తెలుగులో విని ఆగిపోతే, “అబ్బ, నడిపియ్యండి సార్!” అని అరిచాడు. తర్వాత పొరపాటు జరగలేదు. ఆ మధ్యాహ్నమంతా నేను, మాస్టర్స్ పట్టా ఉన్న సీనియర్ ఇంజినీరును, ప్రెజర్ స్విచ్ ఉద్యోగం చేశాను. నా సర్వీసులో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.

ఒక్కో టైరుకు పన్నెండు నిమిషాలు. కంప్రెసర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. దాని ఎంపికలో తప్పు లేదు. మూడింటికి బండి కదిలింది, హైవే ఎక్కాక ఇద్దరం వంతులవారీగా నడిపి, చెప్పినట్టే అర్ధరాత్రి కాకముందే అతన్ని గుమ్మంలో దించాను. అన్నం తిని పొమ్మంది వాళ్లావిడ. ఖాళీ ఫ్లాస్కు చూసి చాయ్ బాగుందా అన్నయ్యా అని అడిగింది. చాలా బాగుందమ్మా అన్నాను.

మర్నాడు నన్నూ రమ్మన్నాడు, వెళ్లాను. కోటు వేసుకుని, కమిలిన వేళ్లకు మూడు ప్లాస్టర్లతో కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. బయటికొచ్చాక నాకు చెప్పుకోవాలనిపించింది చెప్పాను. యాదగిరీ, నీ మాట వినక నిన్ను అంతదాకా తెచ్చాను, తప్పు నాది. అతను నా వైపు చూడకుండా, “మీరు స్విచ్ మంచిగ జేసిండ్రు సార్” అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి నేను కళ్లద్దాలు తీయవలసి వచ్చింది.

సోమవారం నివేదిక రాశాను. లోపం యంత్రానిది కాదు, డ్రైవర్లది కాదు, ట్యాంకు చేర్చిన ఇంజినీరుది అని రాసి నా పేరు పెట్టాను. నీళ్లు దానంతటదే వదిలే ఆటోమేటిక్ వాల్వు పెడితే సరిపోదా అన్నాడు మా సూపరింటెండెంటు. అదీ గడ్డకడుతుంది, దాన్ని చూడ్డానికీ ఒక మనిషి కావాలి అన్నాను. మిగిలిన అయిదు ట్రక్కులకు యాదగిరి మొదట చెప్పినట్టే, ట్యాంకు లేకుండా బిగించాం. మొదటిదానికీ తీసేశాం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను తయారుచేసిన ప్రతి ఎంపిక పత్రంలోనూ మొదటి గడి పీడనానిది కాదు, ధరది కాదు. ఈ భాగాన్ని రోజూ చూసుకునేది ఎవరు, పేరు రాయండి, అని ఉండేది. హోదా రాస్తే ఒప్పుకునేవాణ్ని కాదు, మనిషి పేరే కావాలి. పేరు రాయలేకపోయిన ప్రతిసారీ ఆ భాగాన్ని కొట్టేశాను. అలా కొట్టేసినవాటిలో ఒక్కటి కూడా తర్వాత ఎవరికీ అవసరపడలేదు.