గడపబంతి చరిత్ర

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి ఎండాకాలం సెలవుల్లో, నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా నీటి పొక్కులు. వరంగల్ బజారులో మా కిరాణా దుకాణం వెనక ఉన్న చిన్న గదిలో వేపాకు పరిచి పడుకోబెట్టారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. తలకు నూనె లేదు, స్నానం లేదు, జడ వేసేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు. అవతలి గదిలో ఇరవై రోజుల తమ్ముడు ఏడ్చేవాడు. వాణ్ణి ఒక్కసారి ఎత్తుకోవాలని నా ప్రాణం కొట్టుకునేది. గది దాటొద్దన్నారే గాని ఎందుకో ఎవరూ చెప్పలేదు. అమ్మవారు ఇంటికొచ్చిన చుట్టమనీ, అంటుకుంటుందని నోటితో అంటే ఆమెకు కోపమొస్తుందనీ మా ఇంట్లో భయం.

రెండోరోజు నేను బయటికి రాబోతుంటే మా తాతయ్య చూశాడు. కసరలేదు. పాత ధోవతి పేలికలతో బంతి చుట్టుకొచ్చి గడప అవతల కూర్చున్నాడు. ఇది గడపబంతి అనీ, ఓరుగల్లు కోటలో కాపలావాళ్ళు ఆడిన ఆట అనీ చెప్పాడు. బంతిని గడప మీదుగా దొర్లించాలి. లోపలి మనిషి కాలు బయటపెడితే కోట మొత్తం పోయినట్టే. హనుమకొండ జట్టు బంతిలో చింతగింజలు దాచి పట్టుబడిందట. నర్సంపేట జట్టు పచ్చి పత్తితో బంతి చుడితే అది వానకు ఉబ్బి గుమ్మంలో ఇరుక్కుందట. మరిపెడ జట్టు ఆట మధ్యలో అన్నానికి పోయి, మూడోరోజు వచ్చి, మా వంతేనా అని అడిగిందట.

ఇంత చెప్పినా తాతయ్య ముఖంలో నవ్వు లేదు. నేను అంతా నోటుపుస్తకంలో తేదీలు వేసి రాసుకున్నాను. అప్పుడు పట్టుకున్న ఆ రాత అలవాటు ఇంకా పోలేదు. గెలిచిన కాపలామనిషి తొమ్మిది రోజులు లోపలే ఉన్నాడని కూడా రాసుకుని, రోజుకో గీత గీస్తూ వచ్చాను.

తొమ్మిదో గీత గీసిన మర్నాడు పొద్దున్నే చాప చుట్టేసి గడప దగ్గర నిలబడ్డాను. పొక్కులు ఇంకా ఎండలేదు. తాతయ్య నా చేతులు చూసి, ఆ కాపలామనిషి పన్నెండు రోజులున్నాడని ఇప్పుడే గుర్తొచ్చిందన్నాడు.

"తొమ్మిదని నువ్వే చెప్పినవ్. ఇగో, రాసిన," అని పుస్తకం చూపించాను.

"ముసలోణ్ణి బిడ్డా, యాదికుంటలేదు."

"మరిపెడోళ్ళు అన్నానికి పోయింది యాదికున్నది, ఇదెట్ల మర్చిపోయినవ్? అంత అబద్ధమే. నేను పోతున్న."

కాలెత్తాను. తలుపు తెరిచే ఉంది. తాతయ్య లేవలేదు, చేయి అడ్డం పెట్టలేదు. బంతి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత వేపమండలకు దండం పెట్టి, "తప్పయితే నామీద వెయ్యి తల్లీ," అన్నాడు. నావైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"అసొంటి ఆట లేదు బిడ్డా. నీకున్నది తమ్మునికి అంటుకుంటే ఆ పసిగుడ్డు తట్టుకోడు. మీ నాయన బయట గొళ్ళెం పెడ్తనన్నడు. నేనే వద్దన్న. ఇగ నీ ఇష్టం."

అవతల తమ్ముడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆ గది అంత ఇరుకుగా నాకు అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు. ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాను. చాప మళ్ళీ పరిచి, పుస్తకంలో తొమ్మిది కొట్టేసి పన్నెండు అని రాశాను. ఇప్పుడు ఎవరి వంతని అడిగాను. తాతయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని, మరిపెడోళ్ళదే అన్నాడు.

ఆ మిగిలిన రోజులు అంతకుముందు వాటికంటే పొడుగ్గా గడిచాయి. అయినా మళ్ళీ నేను గడప దగ్గర నిలబడలేదు.

తర్వాత ఉద్యోగంలోనూ ఇంట్లోనూ చాలామందిని "ఆగు" అనాల్సి వచ్చింది. అన్న ప్రతిసారీ ఎందుకో కూడా చెప్పాను. చిన్నపిల్లలకైతే అది ఒక్క మాటలో తెగదు. అందుకని నేలమీద వాళ్ళ పక్కనే కూర్చుంటాను.