విశ్వకర్మ పూజనాడు ఆగిన ల్యాప్‌టాప్

పాప పుట్టాక, ఇంట్లోంచే చేసుకోమని ఆదిత్యపూర్‌లోని మా పాత ఆఫీసు ఇచ్చిన మొదటి డ్రాయింగ్ అది. ఒక పంపు కింద బిగించే బ్రాకెట్. పనిముట్లకు సెలవిచ్చి పూజించే విశ్వకర్మ పూజ మర్నాడు, పొద్దున్నే వర్క్‌షాపు తెరిచేసరికి వాళ్ల చేతిలో ఉండాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్తుందని, మళ్లీ నా దగ్గరికి రాదని యజమాని ముందే చెప్పాడు.

పూజరోజు పొద్దున, పాప నిద్రలో ఉండగా దాదాపు పూర్తి చేశాను. నా స్క్రీన్ మీద రెండు వర్క్‌స్పేసులు ఉంటాయి. ఒకదాంట్లో డ్రాయింగ్, బ్రాకెట్ ఫోటోలు, కాలిక్యులేటర్. రెండోది పాపది. టీకాల పట్టిక, పిల్లలు పాలు కక్కితే ఏం చేయాలో వెతికిన పేజీలు, ఒకే ప్రశ్నకు రకరకాల జవాబులు. ఏ పేజీనీ మూయడానికి ధైర్యం చాలదు. పాప ఏడ్చినప్పుడల్లా లేచిపోవాలి కనుక, మళ్లీ లాగిన్ అవగానే అన్నీ ఎక్కడివక్కడ తెరుచుకునేలా సెట్టింగ్ పెట్టుకున్నాను.

పాపకు స్నానం చేయించి వచ్చేసరికి ల్యాప్‌టాప్ బల్ల మీద లేదు. దేవుడి గూటి ముందు పీట మీద, మా ఆయన పానాల పక్కన ఉంది. మూత మీద పసుపు, కుంకుమ బొట్లు, ఒక బంతిపువ్వు.

"అత్తా, దీన్ని ఆపీసారా?"

"ఆపకుండా పూజెలాగ సేత్తారే? మీ మావ బతికున్నన్నాళ్లూ ఇయ్యాల సుత్తి కూడా ముట్టుకోలేదు. బొత్తం నొక్కాను, ఏదో అడిగింది, మళ్లీ నొక్కాను. పడుకుంది."

"ఏటడిగింది?"

"ఇంగిలీసులో అడిగితే నాకేటి తెలుత్తది? నువ్వు అడిగినట్టే అడిగింది, గాబరాగా."

ఇంకోరోజైతే నవ్వేదాన్ని. సేవ్ చేశానో లేదో గుర్తు లేదు. ఒక్కసారి తెరిచి చూస్తానన్నాను.

"సాయంత్రం హారతయ్యాక. అది మాత్రం ఒక్కరోజు నడుం వాల్చొద్దా? నువ్వూ వాల్చు."

మా ఆయన ప్లాంటులో పూజకు వెళ్లాడు. ఫోన్ చేస్తే మైకులో పాటలే. "ఏటి? ఇనబడ్డం లేదు. బూందీ తెత్తన్నాను!" అని పెట్టేశాడు. మేముండే సిద్ధగోరాలో ఆ రోజు ఏ మలుపు తిరిగినా పందిరి, ఏ ఆటో చూసినా దండ. పాపను భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. నాకేం పోయిందో చెబితే అర్థమయ్యే మనిషి ఆ సందడిలో ఒక్కరూ లేరు.

హారతయ్యాక, పసుపు తుడవకుండానే తెరిచాను. పాస్‌వర్డ్ కొట్టాను. ముందు పాప పేజీలు ఒకదాని వెనుక ఒకటి, ఒక్కటీ తప్పకుండా వచ్చేశాయి. తర్వాత ఫోటోలు, కాలిక్యులేటర్. చివరికి డ్రాయింగ్ కూడా తన చోటే తెరుచుకుంది. కానీ అది, ప్రోగ్రాం తనంతట తాను దాచుకున్న పాత ప్రతి. పొద్దున వేసిన రంధ్రాలు, వాటి కొలతలు లేవు.

మళ్లీ గీయడం కష్టం కాదు. కానీ చివరి రంధ్రాన్ని ఫోటోలో ఉన్న చోటు నుంచి కాస్త జరపాలని పొద్దున నిర్ణయించుకున్నాను. ఎందుకో గుర్తు రాలేదు. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి, నేను టీ తాగుతూ ఇలాంటివన్నీ పైకి చెప్పుకునేవాళ్లం. నేను మర్చిపోతే ఆమె అందించేది. ఇక్కడ నేనేం అనుకున్నానో విన్నవాళ్లు లేరు.

మొదటి నుంచి అన్ని కొలతలూ మళ్లీ చూశాను. పాప రెండుసార్లు లేచింది. ఒళ్లో పడుకోబెట్టుకుని ఒంటిచేత్తో మౌసు కదిపాను. చాలాసేపటికి తట్టింది. అక్కడ బ్రాకెట్ నిలువు గోడ అడ్డొస్తుంది, బోల్టు బిగించే పానా తిరగడానికి చోటు చాలదు. రంధ్రం జరిపాను. సేవ్ చేశాను, ఇంకోసారి చేశాను, పంపాను.

యజమాని హిందీలో జవాబిచ్చాడు. అందిందట, రేపు ఇంకోటి పంపుతాడట.

"పంపీసావా?" వంటింట్లోంచి అత్త.

"పంపీసాను. మళ్లీ ఇత్తారంట."

"మరింకేటి సూత్తన్నావు దాన్నలాగ?"

ఆ రంధ్రం ఎందుకు జరిపానో ఎవరికైనా చెప్పాలని ఉంది. పాపను స్క్రీన్ వైపు తిప్పి కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను, పానా ఎటు తిరుగుతుందో వేలితో చూపిస్తూ. పాప ఆ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.