దేశానికి కావలసిన నవ్వు

ధనరాజు పాడేటప్పుడు నవ్వడు. రొమ్మున కట్టుకున్న రేకు తప్పెట మీద చేతులు ఆడుతుంటే, కళ్ళు మూసుకుని, నొసలు ముడిచి గంగమ్మ కథ ఎత్తుకుంటాడు. చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో తప్పెటగుళ్ళ ఆటకు గురువంటే అతనే.

కిందటేడు ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు. సముద్రం అవతల ఓ చిన్న దేశంలో మనవాళ్ళు ఆస్పత్రి కట్టించి ఇచ్చారట. దాన్ని తెరిచేనాడు మన ఆటాపాటా కూడా చూపిస్తే, అక్కడి జనానికి మన దేశమంటే ఇష్టం కలుగుతుందట. ఆ అధికారి ఆట చూసి, "ఈయన మొహం కోపంగా ఉంది. నవ్వుతూ ఆడేవాళ్ళు కావాలి" అని ధనరాజును పక్కన పెట్టి, అతని బామ్మర్ది శివాజీని ముందు నిలబెట్టాడు. శివాజీకి ఆట నేర్పింది ధనరాజే.

ధనరాజు లేకుండానే బృందం ఆ దేశం వెళ్ళి తిరిగొచ్చాక ఊరంతా శివాజీ ఫోను చుట్టూ మూగింది. అందులో కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"నీ తమ్ముడు పాడ్డానికెల్లాడా, పళ్ళు సూపించడానికెల్లాడా?" అన్నాడు ధనరాజు, భార్య గున్నమ్మతో.

"నీకు నేవేటి పళ్ళు? నువ్వూ సూపించాల్సింది."

ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు. గేదెల కుడితి తొట్టి దగ్గర ఎవరూ లేకుండా చూసి, ఒకసారి నవ్వడానికి ప్రయత్నించాడు. తనకే ఏదోలా అనిపించింది.

గంగమ్మ పండగ వచ్చింది. ఆనాడు ముందు నిలబడినవాడే బృందానికి గురువు. "దేశాలు తిరిగొచ్చినోడు" అంటూ పెద్దలు శివాజీనే ముందు నిలబడమన్నారు. ధనరాజు చివరి వరసలో గజ్జెలు కట్టుకున్నాడు.

శివాజీ బాగా పాడాడు. బాగా పాడుతున్నాడని తెలిసేకొద్దీ ధనరాజు తప్పెటను మరింత గట్టిగా మోదాడు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కట్టారు. దిగగానే శివాజీ ముందుకొచ్చి, చేతులు జోడించి, నవ్వుతూ నిలబడ్డాడు. పరాయి దేశంలో ఆట అక్కడితో ముగించడం అలవాటైపోయింది. ఇక్కడ కథలో గంగమ్మ ఇంకా పుట్టనేలేదు.

తప్పెటలు ఆగిపోయాయి. శివాజీ పెదాల మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం బావను వెతుకుతున్నాయి. ధనరాజు వంగి గజ్జెల ముడి సవరించుకున్నాడు. ఆ నిశ్శబ్దం అతనికి ఎంత తియ్యగా ఉందో!

"బావా, అందుకో..."

"నవ్వరా, బాగున్నాది," అన్నాడు మెల్లగా.

ముందు కూర్చున్న ముసలమ్మ కేకేసింది: "అమ్మని పుట్టించకుండా ఆపేత్తార్రా?"

అప్పుడు ధనరాజు కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. పొద్దు వాలేదాకా పాడాడు. శివాజీ వెనక్కి వెళ్ళి వంత పాడాడు.

ఆట అయ్యాక, "గురువంటే నువ్వేరా" అన్నారు పెద్దలు. అని, శివాజీ వైపు తిరిగారు. "ఒరే, ఆ ఇమానంలో తిండికి ఏటి పెట్టార్రా?"

జనమంతా అటు జరిగింది. ధనరాజు తప్పెట విప్పుకుంటూ, వినకూడదనుకుంటూనే చెవి అటే పెట్టాడు.