ఇద్దరికీ ఒక్క నోరు

నోరున్నవాడిదే రాజ్యమంటారు. కొచ్కోర్ అనే కొండ ఊళ్ళో ఉల్కాన్‌కు ఉన్నది ఒక్క నోరే, దాంతో ఆమె రెండు రాజ్యాలు ఏలింది. ఒకటి తనది, రెండోది పుట్టుకతోనే వినపడని చెల్లెలు కెరెజ్‌ది. బజారులో బేరమాడాలన్నా, డాక్టరుకు నొప్పి చెప్పుకోవాలన్నా, పక్కింటి గొర్రెలు దొడ్లో పడి మేశాయని తగవుకు పోవాలన్నా కెరెజ్ చేతులు కదిపేది, ఉల్కాన్ గొంతు విప్పేది. "అక్కంటే ఉల్కాన్. మిగతావాళ్ళంతా పేరుకే అక్కలు" అని ఊళ్ళో ముసలమ్మలు కోడళ్ళ ముందు అంటుండేవారు. పొగడ్త ఎవరికి చేదు? ఉల్కాన్ తల వంచుకుని వినేది గాని కాదనేది కాదు.

కాదనడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. ఊళ్ళో వినపడని ఆడవాళ్ళు పది మంది కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, ఉన్నిని తడిపి, తొక్కి, మందపాటి తివాచీలు కుట్టడం మొదలుపెట్టినప్పుడు అందరికంటే ముందు నడుం కట్టింది ఉల్కానే. చాలా దేశాల్లో బధిరుల కోసం పనిచేసే ఒక సంస్థ వాళ్ళకు మొదటి ఏడాది ఉన్ని ఇప్పించింది. ఆ సంస్థకు కబుర్లు పంపడం, తివాచీలు బజారుకు చేర్చడం, పొయ్యి మీద నీళ్ళు కాచడం, అన్నీ ఆమే. జీతం లేదు. ఎవరైనా ఇస్తామన్నా కసిరేది.

ఆ సంస్థ తరఫున అకిన్యి వచ్చింది. కెన్యా దేశస్థురాలు. ఆమెకూ వినపడదు. ఊరు ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. వెంట రాజధాని బిష్కేక్ నుంచి ఆదిలెత్ అనే లావుపాటి ఉద్యోగి వచ్చాడు. కెరెజ్ సైగ చేస్తే ఉల్కాన్ పలకాలి, ఉల్కాన్ పలికితే ఆదిలెత్ ఇంగ్లీషులో ఫోన్‌లో కొట్టాలి, అది అకిన్యి చదువుకోవాలి. ఒక్క నమస్కారం చేరేసరికి టీ చల్లారిపోయింది.

"ఈ ఏడు ఒక్కదానికే సాయం చేయగలరట. అన్నిటికంటే ముందు మీకేం కావాలో అడుగుతున్నారు" అన్నాడు ఆదిలెత్.

ఉల్కాన్ అది సైగల్లో చెప్పింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముందే అనుకున్నట్టు కెరెజ్ లేచి నిలబడింది. తనకు చెప్పకుండా ఎప్పుడు అనుకున్నారా అని ఉల్కాన్‌కు ఆశ్చర్యం వేసింది. కెరెజ్ చేతులు తాపీగా కదిలాయి.

"మాకొక దుబాసీ కావాలి. ఆ పని నేర్చుకున్న మనిషి. మా చుట్టం కాని మనిషి."

ఉల్కాన్‌కు చెంప మీద కొట్టినట్టయింది. ఆరేళ్ళ వయసు నుంచీ ఈ చెల్లెలి కోసం నోరు నొప్పి పుట్టేలా మాట్లాడింది. పరాయిదాని ముందు, పదిమంది ముందు, ఇదా ఫలం? ఇంటి గుట్టు అతిథి ముందు విప్పకూడదన్నది ఆ ఊరి మర్యాద. ఆ మర్యాద చాటున తన ఉక్రోషాన్ని దాచుకుని, నోటికి వచ్చిన మొదటి మాట అనేసింది.

"కుట్టుమిషన్లు కావాలంటోందండీ. ఒక నాలుగిప్పిస్తే చాలంట."

ఆదిలెత్ ఆ మాట ఫోన్‌లో కొట్టాడు. అకిన్యి చదివి నుదురు ముడిచింది. తన కింద పరిచిన తివాచీని వేళ్ళతో నొక్కి చూసుకుంది. బొటనవేలంత మందం. చేత్తో, లావుపాటి సూదితో తప్ప ఏ మిషనూ దాన్ని కుట్టలేదు. ఉల్కాన్ చూపు తిప్పుకుని బోర్సోక్ వేయించడానికి వంటింట్లోకి పోయింది. పిండి ముక్కలు నూనెలో పొంగుతుంటే తన మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. పోనీలే, మిషన్లు వస్తే అమ్ముకోవచ్చు అని సర్దిచెప్పుకుంది. మనసు ఆ ముక్కకు లొంగలేదు.

వినేవాళ్ళం దేశం దాటితే మూగవాళ్ళమైపోతాం. వినపడనివాళ్ళు అలా కారు. ఉల్కాన్ పళ్ళెం పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆదిలెత్ ఒక మూల కునుకు తీస్తున్నాడు. అకిన్యి, కెరెజ్ మోకాళ్ళు తగిలేలా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఇద్దరివీ వేరువేరు సైగలే. అయినా ఒకరు తప్పితే ఇంకొకరు మొహంతో, భుజాలతో అందుకుంటున్నారు. అకిన్యి మిషను చక్రం తిప్పినట్టు నటించి, తివాచీలో సూది పుటుక్కున విరిగినట్టు చూపించింది. కెరెజ్ తమాషా అనుకుని నవ్వింది. అకిన్యి నవ్వలేదు. వేలెత్తి కెరెజ్‌నే చూపించింది. నువ్వే కదా అడిగావు అని.

కెరెజ్ మెల్లిగా తల తిప్పి అక్కను చూసింది.

"నేనేం అడిగాను?"

ఉల్కాన్ రెండు చేతుల్లోనూ పళ్ళెం ఉంది. జవాబు చెప్పకుండా ఉండటానికి ఆ పళ్ళెమే దిక్కయింది. కెరెజ్ లేచి వచ్చి పళ్ళెం లాక్కుని కింద పెట్టింది.

"ఆయన్ని లేపు. మళ్ళీ చెప్తాను. ఎందుకు కావాలో కూడా చెప్తాను. వాళ్ళ దేశంలో దుబాసీలు 'ఈమె ఇలా అంటోంది' అనరట. 'నేను' అంటారట. నువ్వూ అలాగే అను."

ఆదిలెత్ కళ్ళు నులుముకుంటూ ఫోన్ అందుకున్నాడు. కెరెజ్ చేతులు కదిపింది. ఉల్కాన్ పలికింది.

"నాకు ఆపరేషన్ అయింది. గర్భసంచి తీసేయాలని డాక్టరు మా అక్కకు చెప్పాడు. మా అక్క..."

"ఏంటమ్మా, ఆగిపోయారు?" అన్నాడు ఆదిలెత్.

"మా అక్క నాకు చిన్న గడ్డ అని చెప్పింది. నేను నవ్వుకుంటూ లోపలికెళ్ళా. కొన్నేళ్ళకి ఒక నర్సు పొట్ట మీద చెయ్యి పెట్టి చూపిస్తే గానీ నాకు తెలీలేదు. అప్పటిదాకా ఎప్పుడో ఒకప్పుడు బిడ్డని కంటాననే అనుకున్నా. మా అక్క చెడ్డది కాదు. కానీ నా ఒంటి సంగతి నాకంటే ముందు ఆమెకి తెలుస్తుంది. నాకెంత చెప్పాలో ఆమే తేలుస్తుంది. అందుకే చుట్టం కాని మనిషి కావాలి."

రోగికి చెడు కబురు చెప్పకూడదని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. నీ మంచికే అని ఉల్కాన్ ఎన్నోసార్లు చెల్లెలికి చెప్పింది, తనకు తాను అంతకంటే ఎక్కువసార్లు చెప్పుకుంది. ఇవాళ 'నేను' అంటూ అదే కథ తన నోటితో చెబుతుంటే, ఆ గదిలోకి నవ్వుకుంటూ వెళ్ళింది తానే అయినట్టు అనిపించింది. తన తప్పు ఎంతటిదో ఆమెకు మొదటిసారి తెలిసింది. సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేకపోయింది.

అకిన్యి ఫోన్ చదివి, కెరెజ్ చెయ్యి పట్టుకుని ఊపింది. కొచ్కోర్‌లో ఇద్దరికి దుబాసీ పని నేర్పించి, జీతమిచ్చి పెడతామంది. ఆడవాళ్ళు చేతులు గాల్లో ఆడించి సంబరపడ్డారు. ఉల్కానూ ఆడించింది. ఆమెకు ఆ హక్కు ఉందో లేదో తెలియలేదు.

బండి వెళ్ళిపోయాక అక్కాచెల్లెళ్ళు పెరట్లో గిన్నెలు కడిగారు. కడుగుతుంటే చేతులు ఖాళీ ఉండవు గనక మాటా లేదు. ఆఖరి గిన్నె బోర్లించి, కెరెజ్ చేతులు తుడుచుకుంది.

"ఎజే, ఇంకా ఏమేం మార్చావు?"

కోపంలోనూ ఎజే అనే పిలిచింది. పెద్దక్కను పిలవాల్సిన పిలుపే. దాంతో ఉల్కాన్ మనసు ఇంకా బరువెక్కింది. ఏమీ లేదు అని చెప్పబోయి మానుకుని, చిన్నదానితో మొదలుపెట్టింది.

"పోయినేడు పక్కింటి బూబుష్ నీ రొట్టె మాడిందంది. బాగుందన్నట్టు చెప్పా."

కెరెజ్ ఆమె మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది. వాళ్ళ భాషలో అది నోరు మూయించడమే. కాసేపటికి వదిలింది.

"చిన్నవి తర్వాత. పెద్దది ముందు."

అబద్ధమాడటం ఎంత తేలికో ఉల్కాన్‌కు తెలుసు. మాయదారి అలవాటు, ఇప్పుడు కూడా వేళ్ళ చివరిదాకా వచ్చి నిలబడింది.

"నీతో బడిలో చదువుకున్న సమత్... నువ్వు ఎదురుచూసిన వేసవిలో రాలేదని చెప్పా కదా. వచ్చాడు. నువ్వు కొండ మీద మందల దగ్గరున్నావు. ఇద్దరికీ వినపడకపోతే ఇల్లెలా గడుస్తుందని, నీకు పెళ్ళి కుదిరిందని చెప్పి నేనే పంపేశా."

కెరెజ్ మొహంలో రక్తం లేదు. ఆమె చేతులు చాలా చిన్నగా కదిలాయి.

"నన్ను అడిగాడా?"

"అడిగాడు."

"ఏమని?"

ఉల్కాన్‌కు అది మరుపు రాలేదు. ఒక్క రోజు కూడా రాలేదు. ఆమె లేచి, గుమ్మం ముందు అతను నిలబడ్డట్టే నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నట్టు పెట్టుకుని, అతని చేతులు ఆ రోజు ఎలా కదిలాయో అలాగే కదిపింది.

"కెరెజ్ ఇంట్లో ఉందా? నేనొచ్చానని చెప్పండి."