దాచిన హాల్ టికెట్

రెండువేల దశకం మొదట్లో ఆళ్లగడ్డలో నేనొక నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఇంటర్ ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం ఒక రైతు తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు.

"పాప నంద్యాల సర్కారు కాలేజీలో చదువుతాంది. హాల్ టికెట్ పారేసుకునింది. నంబరు లేకుంటే మార్కులు కనపడవంట గదప్పా?" అన్నాడు.

"కనపడవు నాయనా, పోదాం పా," అంది ఆ అమ్మాయి గబుక్కున.

ఆమె దాన్ని కావాలనే దాచిందని నాకు అర్థమైంది. ఊరుకొని ఉండవచ్చు. కానీ నంద్యాలలోని ఆమె కాలేజీ పిల్లలు పొద్దుటి నుంచి వదిలేసి పోయిన నంబరు చీటీలు నా బల్ల మీదే ఉన్నాయి. నంబర్లు పేర్ల అక్షర క్రమంలో నడుస్తున్నాయని అప్పటికే పసిగట్టాను. ఎవరూ నేర్పకుండా నేను పట్టుకున్న లెక్క అది. నలుగురిలో చూపించుకోవాలనిపించింది.

"పేరు చెప్పు చాలన్నా," అన్నాను.

మొదట కొట్టిన రెండు నంబర్లు వేరేవాళ్లవి. మూడోది కొడితే ఆమె పేరు వచ్చింది. లెక్కల్లో పందొమ్మిది. ఫెయిల్.

"సప్లిమెంటరీ రాసి, పాసైనాక చెప్దామనుకుంటి నాయనా," అంది ఆమె.

"ఇంగ రాసేది లేదు, చదివేది లేదు. రేపట్నుంచి చేనికి పా," అని తండ్రి నావైపు తిరిగాడు. "బలే తెలివప్పా నీది!"

నేను నవ్వాను.

మెట్లు దిగుతూ ఆ అమ్మాయి, "నిన్నెవరడిగినారన్నా?" అంది.

సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన రోజు ఆ కాలేజీ నంబర్లన్నీ వరసగా కొట్టి చూశాను. ఆమె పేరు ఎక్కడా రాలేదు.