మా సాంచ మీది జానెడు బట్ట

డిగ్రీలో చరిత్ర సెమినార్‌కు నేను తొలిసారి పేరిచ్చాను. ఏం మాట్లాడతానో నా స్నేహితురాలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె సుల్తానాబాద్‌లో బస్సెక్కేది, వాళ్ళది వడ్ల వ్యాపారం. కరీంనగర్ చేరేదాకా నేను చెప్పేదాన్ని, ఆమె వినేది.

కరీంనగర్ లైబ్రరీలో ఎవరూ తీయని పుస్తకంలో దొరికిన సంగతి అది. వెనకటికి కొరియా నుంచి సముద్రం దాటి వెళ్ళిన నేతగాళ్ళు జపాన్‌లో కొన్ని చోట్ల గుళ్ళు నిలబెట్టుకున్నారట. గుడి ముందు కాపలా ఉండే రాతి బొమ్మలను అక్కడివాళ్ళు ఇప్పటికీ కొరియా కుక్కలనే అంటారట. మా బాపు సాంచ మీద, అంటే కరెంటు మగ్గం మీద, బట్ట నేస్తాడు. కొత్త పడుగు ఎక్కించాక మొదట నేసిన జానెడు బట్టకు పసుపు రాసి దండం పెడతాడు. ఆ నేతగాళ్ళు కూడా ఇలాంటిదేదో చేసి ఉంటారని నా ఊహ. అదీ ఆమెకు చెప్పాను.

సెమినార్‌లో ఆమెను నాకంటే ముందు పిలిచారు. నా నేతగాళ్ళు, నా రాతి కుక్కలు ఒక్కొక్కటే ఆమె నోట్లోంచి వచ్చాయి. చివరికి, "మా ఇంట్ల గూడ గంతే సార్. మొదటి జానెడు బట్టకు పసుపు రాస్తం" అంది.

"శభాష్ బిడ్డా, ఇంటి ముచ్చట మంచిగ కలిపినవ్," అన్నారు సార్.

ఆమె ఒక్కటి వదిలేసింది. కొన్ని గుళ్ళ పేర్లలో కొరియా రాజ్యం పేరుండేదని, పోనుపోను ఆ పేర్లు మారి, వచ్చినవాళ్ళెవరో జనం మరిచిపోయారని.

తర్వాత నన్ను పిలిచారు. లేచి నిలబడ్డాను.

"నీదేంది?"

"ఏం లేదు సార్."

"ఆమెకు నోరుంటే గద సార్!" అంటూ వెనక బెంచీ నవ్వింది. నా స్నేహితురాలు కూడా నవ్వింది.

సాయంత్రం బస్సులో నాకు సీటు ఆపి పెట్టింది. "ఏందే, అలిగినవా? నువ్వెట్లాగూ మాట్లాడవు. ఉత్తగ పోతదని నేను చెప్పిన. గంత ఫికర్ ఎందుకే?"

"మీ ఇంట్ల సాంచ ఏడున్నదే?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగి చూసింది. స్నేహితురాలు కిటికీ వైపు మొహం తిప్పుకుంది. ఆమె దిగేదాకా నేను కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి బాపు కొత్త పడుగు ఎక్కిస్తున్నాడు. అవ్వ పసుపు గిన్నె నా చేతికిస్తూ అడిగింది, "మాట్లాడినవా బిడ్డా?"

"మాట్లాడిన అవ్వా," అన్నాను.